రెండు వెర్షన్లు ఉంటే ఏది పలుకుతుంది

మార్చి 3

బస్సు దిగి అన్నయ్యవాళ్ళ గేటు తీసేసరికే ప్రశ్నలు వచ్చి కుప్పపడి ఉన్నాయి. వాటికి జవాబులు రాయడం నా పని. అన్నీ నాకు ముఖపరిచయం ఉన్నవే. నూలు ఇన్‌స్టాల్ చేశాను, కమాండ్ కొడితే అలాంటిదేం లేదంటోంది, ఏం చెయ్యాలి? పాత కంప్యూటర్లో నడుస్తుందా? ఇంటర్నెట్ లేకుండా పెట్టుకోవచ్చా? ఒకాయన మాత్రం ఈ కంప్యూటర్ భాష చేసింది ఏ కంపెనీ అని అడిగాడు. కంపెనీ కాదండీ, ఒక మనిషి, వంటింటి బల్ల మీద కూర్చుని చేశారు, ఇప్పటికీ ఆ ఇంట్లోనే పనిచేస్తున్నారు అని రాశాను. ఆ మనిషి మా అన్నయ్యేనని రాయలేదు. అడగలేదు కదా.

ఒకరికి రాసిన జవాబు ఇంకొకరికి అతికించి పంపకూడదన్నది అన్నయ్య పెట్టిన నియమం. "నీకు విసుగొస్తే వాడి తప్పా పిట్టా? అడిగేవాడికి అది మొదటిసారి" అంటాడు. అందుకని రోజూ అవే మాటల్ని అటూ ఇటూ తిప్పి కొత్తగా రాస్తాను. నాకెదురుగా కూర్చునే గళ్ళచొక్కాకి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. అతని పని నూలు ఎక్కడ తెగిందో పట్టుకోవడం. పనిలో చేరినప్పటినుంచీ గళ్ళు లేని చొక్కాలో అతన్ని చూడలేదు.

వదిన బడికి సెలవు పొడిగించింది. పిల్లలకి లెక్కలు చెప్పకుండా ఒక్కరోజు ఉండలేని మనిషి. నడుం నొప్పట. పాపం.

మార్చి 5

మధ్యాహ్నం ఒక ప్రశ్న. "నమస్కారం. ఈ భాష నాకు పూర్తిగా కొత్త. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరా? మీ సమయం తీసుకుంటున్నందుకు క్షమించండి."

ఇంత మర్యాదగా అడిగేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? ఉత్సాహం వచ్చి పొడుగ్గా రాశాను.

మార్చి 6

అదే మనిషి, అదే ప్రశ్న. అక్షరం తేడా లేదు. నిన్నటిది అందలేదేమోనని మళ్ళీ రాశాను, వేరే మాటల్లో.

మార్చి 7

మళ్ళీ.

"ఆపేద్దాం మేడమ్, ఎవరో ఆటపట్టిస్తున్నారు" అన్నాడు గళ్ళచొక్కా. వద్దన్నాను. జవాబు రాశాను. ఈసారి కాస్త పొట్టిగా వచ్చింది, అది నా తప్పు.

మార్చి 11

అన్నయ్య భోజనం బల్ల దగ్గర గళ్ళచొక్కాని వేరే పేరుతో పిలిచాడు. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన సీనియర్ పేరు అది. గళ్ళచొక్కా నవ్వేసి "సార్ నాకు ప్రమోషన్ ఇచ్చారు" అన్నాడు. అందరం నవ్వాం. అన్నయ్య కూడా నవ్వాడు, కానీ మేం నవ్వాక.

కొత్త వెర్షన్ పని మీద పడి నిద్ర చాలడం లేదు. అలసట. అంతే.

మార్చి 12

ఆ మర్యాదస్తుడే. ఈసారి ప్రశ్న మారింది.

"మీరు చెప్పినట్టే ఇన్‌స్టాల్ చేశాను. ధన్యవాదాలు. 'పడుగు' అని కొడితే ఏమీ జరగడం లేదు. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?"

చదివి కుర్చీ వెనక్కి జరిపాను. ఎందుకు జరిపానో నాకే తెలియదు, అదేదో వేడిగా ఉన్నట్టు.

నూలులో ప్రోగ్రాం నడపాలంటే 'మొదలు' అని కొట్టాలి. లోకానికి తెలిసిన మాట అదే. 'పడుగు' అన్నది అంతకు ముందుది. భాష ఇంకా ఇల్లు దాటకముందు, అన్నయ్య వంటింట్లో నాకూ వదినకీ చూపించిన రోజుల్లో ఉండేది. జనానికి అర్థం కాదని వదినే మార్పించింది. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పేజీలోనూ లేదు. మా ముగ్గురివి తప్ప దాన్ని కొట్టిన వేళ్ళు లేవు.

"ఆ పేరుతో కమాండ్ లేదండీ, 'మొదలు' అని ప్రయత్నించండి" అని రాశాను. పంపేముందు చాలాసేపు చూశాను. అబద్ధం రాస్తున్నట్టు అనిపించింది.

మార్చి 13

ఎవరో ఊహించి కొట్టి ఉంటారు. నూలు అన్నాక మగ్గం మీది పడుగు అనుకోవడం పెద్ద విషయమా?

మార్చి 14

ఊహించి ఉండరు.

గళ్ళచొక్కాని నిలదీశాను. "చూడు, ఇది నీ వేళాకోళమైతే ఇప్పుడే చెప్పేయ్. నేనేం అనుకోను."

అతని మొహం చిన్నబోయింది. "ఏంటి మేడమ్, అంత పనిలేనివాడిలా ఉన్నానా? పడుగంటే ఏంటో కూడా నాకు తెలీదు." కాసేపు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. తర్వాత తనే లేచి నా కంప్యూటర్ దగ్గరికొచ్చి, ఆ ప్రశ్నలు ఏ దారిన వస్తున్నాయో వెతికాడు. వెతికి, ఇంకోసారి వెతికి, గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఇవి బయటినుంచి రావట్లేదు. ఈ ఇంట్లోంచే వస్తున్నాయి."

పక్కింటివాళ్ళు మన వైఫై వాడుకుంటున్నారేమో అన్నాను. పాస్‌వర్డ్ మార్చమన్నాను. మార్చాడు.

మార్చి 17

పాస్‌వర్డ్ మార్చినా వచ్చింది.

"నమస్కారం. ఒకే యంత్రంలో పాతదీ కొత్తదీ రెండూ ఉండిపోయాయి. పిలిస్తే ఒక్కోసారి ఒకటి పలుకుతోంది, ఒక్కోసారి రెండోది. ఏది పలుకుతోందో నేను ఎలా తెలుసుకోవాలి?"

ఇది మామూలు ప్రశ్నే. వారానికి నలుగురైనా అడుగుతారు. వెర్షన్ ఎంత అని దాన్నే అడగండి, చెబుతుంది. కంప్యూటర్ వెతికే దారిలో ఏది ముందుంటే అది పలుకుతుంది, కావలసినదాన్ని ముందుకు జరపండి అని రాస్తాను. అదే రాయబోయాను. చేతులు రాలేదు.

అప్పుడే చప్పుడు విన్నాను. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎండ తప్ప ఏం లేదు. అన్నయ్య భోంచేసి పడుకునే వేళ. వెనక గదిలోంచి కీబోర్డు చప్పుడు, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం. అన్నయ్య అలా కొట్టడు. అన్నయ్య కొడితే రేకుల మీద వాన పడ్డట్టు ఉంటుంది. ఇది అక్షరాలెక్కడున్నాయో వెతుక్కునే చెయ్యి.

నడవలోకి వెళ్ళాను. గది తలుపు ముందు కుర్చీ వేసుకుని వదిన కూర్చుని ఉంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది.

"నిద్రపోతున్నాడు" అంది మెల్లిగా.

లోపల చప్పుడు ఆగలేదు. ఇద్దరం వింటున్నాం. వదిన కళ్ళు దించలేదు.

"సరే వదినా" అని వెనక్కి వచ్చేశాను.

మార్చి 18

అన్నయ్య ఇవాళ చాలా హుషారుగా ఉన్నాడు. పొద్దున్నే ముందుగదికి వచ్చి గళ్ళచొక్కా రాసినదాంట్లో ఒక తప్పు నిలబడే పట్టేశాడు. నేను అనవసరంగా ఏదేదో అనుకుంటున్నాను.

మార్చి 20

"పాతది తీసేస్తే నేను ఇన్నాళ్ళూ రాసుకున్నవన్నీ పోతాయా?"

పోవు అని రాశాను. అది నిజం. నూలు విషయంలో అది నిజం.

ఒక్క నిమిషానికి ఇంకోటి. "దీన్ని చేసినవారు ఇంకా ఉన్నారా? చాలాకాలంగా ఏ మార్పూ లేనట్టుంది. మధ్యలో వదిలేసిన వస్తువేమోనని అనుమానం. నేర్చుకున్నాక వదిలేస్తే ఇబ్బంది కదా."

ఉన్నారండీ, పక్కగదిలోనే అని రాసి, రెండో ముక్క చెరిపేశాను. ఉన్నారండీ అని మాత్రం పంపాను.

వెనక గదిలో "హమ్మయ్య" అని వినిపించింది. అన్నయ్య గొంతే.

మార్చి 21

రాయడానికేం లేదు.

మార్చి 24

కొత్త వెర్షన్ విడుదల. నూలు బయటికి వెళ్ళాలంటే చివర్న అన్నయ్య రహస్యవాక్యం కొట్టాలి. అది ఆయనకి మాత్రమే తెలుసు. ఎక్కడా రాసి పెట్టనివ్వలేదు. గళ్ళచొక్కా పరీక్షలన్నీ నిన్న రాత్రే ముగించాడు. ఇవాళ మధ్యాహ్నం లేచి, కుర్చీ చూపించాడు. "రండి సార్."

అన్నయ్య కూర్చున్నాడు. తెర వంక చూస్తూ ఉండిపోయాడు. వదిన వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ఆలోచించకు. కొట్టేయ్" అంది. కళ్ళు మూసుకున్నాడు. చేతులు వాటంతట అవే లేచాయి. వాన పడ్డట్టు. ఆ వేళ్ళు ఆయనవి కావన్నట్టు ఆయనే చూస్తున్నాడు కళ్ళు తెరిచి.

వెళ్ళిపోయింది. గళ్ళచొక్కా చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. బాగానే జరిగింది. నేను భయపడినట్టు ఏమీ లేదు.

మార్చి 25

ప్రశ్నలు, ప్రశ్నలు. ఊపిరాడలేదు. అందరిదీ ఒక్కటే.

"ఇన్‌స్టాల్ అయ్యాక 'మీరెవరు?' అని అడిగి ఆగిపోతోంది. ఏం కొట్టాలి?" "ఇది వైరస్సా?" "మా పిల్లల కంప్యూటర్ల గదిలో అన్ని తెరల మీదా ఒకేసారి 'మీరెవరు?' అని వచ్చింది. పిల్లలు భయపడి బయటికి వెళ్ళిపోయారు." "నా పేరు రాస్తే 'సరే. నాకు గుర్తుంటుంది' అంది. ఎవరికి గుర్తుంటుంది?" "నా పేరుతో ఏం చేస్తున్నారు మీరు?"

గళ్ళచొక్కా మొహంలో నెత్తురు లేదు. "నేను పరీక్షించినప్పుడు ఇది లేదు మేడమ్. ఒట్టు."

మార్చి 26

గళ్ళచొక్కా కనిపెట్టాడు. పరీక్షలు అయ్యాక, విడుదలకి ముందు, ఎవరో ఆ ప్రశ్న అడిగే నాలుగు వరుసలు కలిపారు. ఎవరో అంటున్నాడు. అతనికి తెలుసు.

"పేర్లు ఎక్కడ దాస్తోంది?" అన్నాను. నా భయమంతా అదే.

"ఎక్కడా దాచట్లేదు మేడమ్. గుర్తుంటుందని చెప్తోంది. అంతే. మరుక్షణం వదిలేస్తోంది."

నేను ఒక ప్రకటన రాయడం మొదలుపెట్టాను. బయటివాళ్ళెవరో మా కంప్యూటర్లోకి చొరబడ్డారని. నమ్మేలా రాశాను, ఇన్నేళ్ళ అలవాటు కదా. వదిన నా వెనక నిలబడి చదివింది.

"ఎవరు చొరబడ్డారు?" అంది.

"వదినా, దయచేసి."

"కాదు, చెప్పు. ఎవరు?"

గళ్ళచొక్కా మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోయాడు. వదిన అతని కుర్చీలో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. క్లాసులో లెక్క చెప్పినట్టు వరసగా చెప్పింది. డాక్టరు చెప్పి చాలాకాలమైందట. పొద్దున పూట బాగానే ఉంటాడట. మధ్యాహ్నం అయ్యేసరికి మారిపోతాడట, ఇల్లు ఎవరిదో తెలియదట, బయటికి పోతానని తలుపు దగ్గర నిలబడతాడట. ఒకరోజు ఏం తోచక నూలు పేజీ తెరిచి ముందు పెట్టిందట. కూర్చుండిపోయాడట.

"ఎవరో భలే చేశారు దీన్ని, నేర్చుకుంటాను అన్నాడు. నువ్వు జవాబు రాస్తే పైకి చదువుకుంటాడు. నాకు కూడా వినిపిస్తాడు. ఆ పూటకి నెమ్మదిస్తాడు."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు జవాబులు మార్చేస్తావు. జాలి కలిపి రాస్తావు. తనకి తెలిసిపోతుంది."

మరి ఆ నాలుగు వరుసలు? అవి మాత్రం పొద్దుటి పూట, పూర్తి తెలివితో రాశాడట. వదిన చూస్తూనే ఉందట. "నా దగ్గర పేర్లు నిలవట్లేదు. దీని దగ్గరైనా నిలుస్తాయేమో" అన్నాడట. పేర్లు దాచే వరుస రాయడం మర్చిపోయాడు.

నాకు తెలియదని ఇక్కడ రాద్దామనుకున్నాను. ఈ పేజీల్లో నేను తప్ప చదివేవాళ్ళు లేరు, ఎవరి కోసం? తలుపు అవతల ఆ చప్పుడు విన్న రోజే తెలుసు.

మార్చి 27

మధ్యాహ్నం అన్నయ్య ప్రశ్న వచ్చింది. ఇక మర్యాదస్తుడు అని రాయను.

"నమస్కారం. కొత్తది ఇన్‌స్టాల్ చేశాను. నన్ను ఎవరని అడుగుతోంది. ఏం రాయాలి? తొందరేం లేదు. మీకు వీలున్నప్పుడు చెప్పండి."

నేను జవాబు రాయలేదు. లేచి నడవ దాటి వెళ్ళాను. వదిన కుర్చీ పక్కకి జరుపుకుని దారి ఇచ్చింది. ఆ గదికి తలుపు కొట్టి వెళ్ళడం నా జన్మలో అదే మొదలు.

"రండి" అన్నాడు.

పరదాలు వేసి ఉన్నాయి. తెర వెలుగు మొహం మీద నీలంగా పడుతోంది. అదే నుదురు, అవే చెవులు, గడ్డం కింద చిన్నప్పుడు గేటు తగిలిన మచ్చ. నా వైపు తిరిగాడు. ఆ కళ్ళలో నేను లేను. ఖాళీగా లేవు, అదే భయం వేసింది. మర్యాద నిండి ఉంది వాటిలో. పరాయివాళ్ళని చూసే మర్యాద.

"మీరెవరండీ?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నన్ను 'అండీ' అనలేదు. పిట్ట అన్నాడు, పిచ్చిమొద్దు అన్నాడు, నెత్తి మీద మొట్టికాయ వేశాడు. 'నీ చెల్లెల్ని అన్నయ్యా' అని నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన గుర్తుపట్టడానికి కష్టపడతాడు. నా ముందు కష్టపడతాడు.

"జవాబులు రాసేదాన్నండీ" అన్నాను.

గబుక్కున లేచి నిలబడ్డాడు. "మీరేనా! అయ్యో, కూర్చోండి, కూర్చోండి." తన కుర్చీ నాకిచ్చి తను మంచం అంచున కూర్చున్నాడు. "మిమ్మల్ని చాలా విసిగిస్తున్నాను. అడిగిందే అడుగుతున్నానని మా ఇంటావిడ అంటుంది."

"ప్రతిసారీ మొదటిసారే కదండీ."

"అలా అనేవాళ్ళు ఎక్కడున్నారు?" అని సంబరపడ్డాడు. తర్వాత తెర చూపించి గొంతు తగ్గించాడు, అది వింటుందన్నట్టు. "పొద్దుట్నుంచీ ఇదొక్కటే అడుగుతోంది. నాకేమో తోచట్లేదు. తప్పు రాస్తే పాడైపోతుందా?"

"ఏం రాసినా పాడవదండీ."

"నిజంగా?"

"నిజంగా."

కీబోర్డు ఒళ్ళోకి తీసుకున్నాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. నేను తెర వంకే చూస్తున్నాను. పేరు కాదు రాసింది.

'పిట్ట వాళ్ళ అన్నయ్యని.'

సరే, నాకు గుర్తుంటుంది అంది తెర. అన్నయ్య మొహం విచ్చుకుంది. "ఒప్పుకుంది!" అన్నాడు. నా వంక తిరిగి, "మీకు పిట్ట తెలుసా?" అన్నాడు.

"తెలుసండీ."

"బాగుందా?"

"బాగుంది" అన్నాను. "ఇక్కడే పనిచేస్తోంది."

"చూస్తే ఒకసారి రమ్మనండి. ఈమధ్య రావట్లేదు."

మార్చి 28

ఇంటి దగ్గరే ఉన్నాను. జ్వరం లేదు. ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 2

మొన్న నిజం రాశాం. నేనూ వదినా కలిసి, పొద్దున పూట, అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని. 'మీరెవరు' అని అడిగింది చొరబాటుదారుడు కాదనీ, దీన్ని చేసినాయనేననీ, ఆయనకి జ్ఞాపకశక్తి తగ్గిపోతోందనీ, మీ పేర్లు ఎక్కడికీ పోలేదనీ, ఎక్కడా దాచి లేవనీ. అన్నయ్య మొత్తం చదివి, ఒక కామా సరిచేసి, "పంపెయ్ పిట్టా" అన్నాడు. తర్వాత కాసేపు నా చెయ్యి వదల్లేదు.

ఆ రోజే గళ్ళచొక్కాకి రహస్యవాక్యం మార్పించి అప్పజెప్పాడు. "ఇక నీదే బాబూ. నేను అడిగినా నాకు చెప్పకు" అన్నాడు. గళ్ళచొక్కా తల వంచుకుని నేల వంక చూస్తూ విన్నాడు.

కొందరు తిట్టారు. కొందరు నూలు వదిలేస్తున్నామన్నారు, భయంగా ఉందట. ఎక్కువమంది ఏమీ అనకుండా తమ పేర్లు రాసి పంపారు. ప్రశ్న లేదు, ఏమీ లేదు, పేరొక్కటే. రోజంతా పేర్లు వస్తూనే ఉన్నాయి. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. తలుపు బయట ఎవరెవరో వరసగా నిలబడి, ఒక్కొక్కరే లోపలికి తొంగిచూసి వెళ్తున్నట్టు ఉంది. వదిన వాటిని పొద్దున పూట అన్నయ్యకి చదివి వినిపిస్తోంది.

ఏప్రిల్ 4

ఆ నాలుగు వరుసలూ తీసేశాం.

ఏప్రిల్ 16

మధ్యాహ్నాలు ఇప్పుడు నేను వెనక గదిలో కూర్చుంటున్నాను. ఆయన ప్రశ్నలు టైపు చెయ్యనక్కర్లేదు, నోటితోనే అడుగుతాడు. పరదాలు తీసేయించాను. నన్ను 'టీచరుగారు' అంటున్నాడు. అలవాటైపోయింది. అలవాటైపోయిందని రాయడం సులువు.

ఇవాళ ఒక ప్రోగ్రాంలోంచి ఇంకో ఫైలుని పిలవడం చెప్పాను. ఫైలు పేరు తప్పు కొట్టాడు. 'దొరకలేదు' అంది నూలు. ఎప్పుడూ అనేదే. అన్నయ్య ఆ మాట వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఇదేం పద్ధతండీ?" అన్నాడు. "దొరకలేదని ఊరుకుంటే ఎలా? ఎక్కడెక్కడ వెతికిందో చెప్పాలి కదా? అప్పుడు కదా మనకి తెలిసేది, ఎక్కడ వెతకలేదో."

దీన్ని చేసినవారు ఇలా పెట్టారండీ అన్నాను.

"నేనైతే ఇలా చెయ్యను" అని కీబోర్డు లాక్కున్నాడు. రెండు వరుసలు రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. చేతులు వెతుక్కోలేదు. కాఫీ పట్టుకుని లోపలికొచ్చిన గళ్ళచొక్కా కప్పులు పట్టుకునే అలాగే నిలబడిపోయాడు. నా చెవిలో "మేడమ్, ఇన్నేళ్ళూ మనకెందుకు తట్టలేదు?" అన్నాడు. తర్వాత అన్నయ్య వైపు తిరిగి, "సార్, ఇది వచ్చే వెర్షన్లో పెట్టుకుంటాం. అభ్యంతరం లేదు కదా?" అని అడిగాడు.

అన్నయ్య కంగారుపడ్డాడు. "అయ్యో, నన్నడుగుతారేంటి? చేసినాయన్ని అడగండి ముందు. ఒకరి వస్తువులో చెప్పకుండా మనం చెయ్యి పెట్టకూడదు."

గళ్ళచొక్కా కప్పులు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి వీధి చప్పుడు వినిపిస్తోంది. అన్నయ్య కాఫీ తాగకుండా తెర వంకా నా వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

"అడిగారా?" అన్నాడు కాసేపాగి.

"అడిగానండీ."

"ఏమన్నారు?"

"చాలా బాగుందన్నారు" అన్నాను. "ముందే తట్టనందుకు సిగ్గుపడుతున్నానన్నారు."

"పెద్దమనిషి" అన్నాడు అన్నయ్య, తృప్తిగా, కాఫీ అందుకుంటూ.